ఆయన్ని పెంచిందెవరు?

కల్లూరు నుంచి మా కాలేజీ అమ్మాయిల్ని వెంటబెట్టుకుని హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళాను. 'ముసుగు రెబెక్కా' ముందు అందరూ ఆగిపోయారు. పాలరాతిలో పల్చటి మేలిముసుగునీ, దాని వెనక ముఖాన్నీ చూపించిన బెంజోనీ పనితనాన్ని ఎవరు కాదంటారు? నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం మ్యూజియం చుట్టూ మనం అల్లుకున్న కథ.

ఇదంతా 'ఒక్క మనిషి సేకరణ' అని గొప్పగా చెప్పుకుంటాం. ఆ మనిషి మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్. ఆయన పుట్టింది 1889లో. రెబెక్కాని ఆయన తాత మొదటి సాలార్‌జంగ్ కొన్నది 1876లో! 'ఒక్క మనిషి' అనే మాట తాతనే మింగేస్తే, ఇక ఆ ఇంటి ఆడవాళ్ళ సంగతేమిటి?

యూసుఫ్ అలీఖాన్ పుట్టిన నెలలోపే తండ్రి చనిపోయాడు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. 1949లో ఆయన పోయాక, 1951లో దివాన్ దేవిడీలో మ్యూజియం తెరిచారు. ఇదంతా చెబుతుంటే ఒకమ్మాయి అడిగింది: "మరి ఆయన్ని పెంచిందెవరు మేడమ్?"

గదులన్నీ తిరిగినా నాకు జవాబు దొరకలేదు. ఆ కొనుగోళ్ళ వెనక జాగీరు రాబడి ఉంది. ఆ రాబడి వెనక నాట్లేసి, కలుపు తీసిన ఆడవాళ్ళున్నారు. వాళ్ళూ కనబడలేదు.

ఆయన అభిరుచిని నేను తక్కువ చెయ్యను. అది లేకపోతే మా పిల్లలు ఇవన్నీ చూసేవాళ్ళా? కానీ సేకరణంటే కొనడమొక్కటే కాదు కదా! తుడవడం, దాచడం, పిల్లల్ని పెంచడం - వీటి చరిత్ర ఎవరు రాయాలి?

తిరుగు బస్సులో ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది. వెతికి చెప్తానన్నాను. ఇంకా వెతుకుతూనే ఉన్నాను.