ఏకచక్రపురము, ఒలింపసు శిఖరము

పురాణకథ తన వీథిలోనే జరిగినదని బాలుడు నమ్మిననాడు అది వాని సొత్తగును. ఈ మర్మమును నిజామాబాదు జిల్లాలోని బోధను పట్టణవాసులు ఏనాడో ఎరిగిరి. లక్కయిల్లు దాటిన పాండవులు బ్రాహ్మణవేషమున తలదాచుకొన్న ఏకచక్రపురము తమ ఊరేయని వారి విశ్వాసము. అచ్చటి శివుడు ఏకచక్రేశ్వరుడు, అచ్చటి పేటలలో నొకటి రాకాసిపేట. అశ్మక జనపదమునకు రాజధానియైన పోదనము ఇదియేయని పలువురు చరిత్రకారులు చెప్పుచుండగా, జనులు మాత్రము దీనిని బండెడన్నమునకై బకాసురుడు కాచుకొన్న చోటుగానే తలంచుచున్నారు.

అమెరికా రచయిత రిక్ రయర్డన్ 2005లో ‘ది లైట్నింగ్ థీఫ్’తో ఆరంభించి, 2009 నాటికి ఐదు సంపుటములుగా పూర్తిచేసిన పెర్సీ జాక్సన్ నవలామాలకును ప్రాణము ఈ స్థలకల్పనయే. నిద్రవేళ కుమారునకు గ్రీకు పురాణములు చెప్పుచు, తెలిసిన కథలు అయిపోగా, ఉపాధ్యాయుడైన ఆయన క్రొత్త కథ నల్లినాడు. ఆ కథలో దేవతల ఒలింపసు న్యూయార్కునందలి ఎంపైర్ స్టేట్ భవనముపై, 600వ అంతస్తున వెలసినది. పాతాళద్వారము లాస్ ఏంజిలిస్‌లో తెరచుకొన్నది. గ్రీకు కథలో తామరలు తిని ఇల్లు మరచినవారి సీమ లాస్ వేగాస్‌లో జూదశాలయైనది; అందు ఆటలలో మునిగిన పెర్సీకిని, వాని మిత్రులకును ఐదు దినములు గడచిన సంగతియే తెలియదు. నేటి బాలుని వ్యామోహమును పురాణము ముందే చూచినదని నిరూపించుటకు ఇంతకంటె చక్కని ఉపాయము లేదు.

రెండవ నేర్పు నాయకుని ఎన్నికలో నున్నది. పెర్సీ సముద్రదేవుడగు పొసైడన్ కుమారుడు. అయినను బడిలో మందబుద్ధి యనిపించుకొన్నవాడు. అక్షరములు వాని కన్నులయెదుట చెదరిపోవును. ఏలయన వాని మెదడు ప్రాచీన గ్రీకు భాషకై ఏర్పడినది. కుదురుగా కూర్చుండలేకపోవుట యుద్ధమున వానికి రక్ష. తన కుమారునకు గల ఇబ్బందులనే రయర్డన్ ఇట్లు వీరలక్షణములుగా మలచి, వెనుకబెంచీలలోని బాలురకందరకు తలయెత్తుకొను ధైర్యము నిచ్చినాడు.

మూడవది, భయమును హాస్యమును ఒకే పంక్తిని కూర్చుండబెట్టుట. పెర్సీ తన కథను తానే చెప్పుచు, రాక్షసుల నడుమను చమత్కారము వీడడు. ఇది మన భారతమునకు క్రొత్తగాదు. బకునికి ఆహారమగు వంతు వచ్చిన ఇంట తల్లిదండ్రులు విలపించుచుండగా, మాటలింకను తిన్నగా రాని పసివాడు ఒక పుల్ల చేతబట్టి, దీనితో రాక్షసుని చంపెదనని పలుకును. ఆ ముద్దుమాటకు అంతటి దుఃఖమును ఒక్క క్షణ మాగును. పిదప భీముడు వనమునకేగి, బకుడు వీపున పిడిగ్రుద్దులు కురిపించుచున్నను లెక్కసేయక, బండిలోని అన్నము ముగించిగాని లేవడు.

తెలుగు బాలలకు గ్రీకు వీరులు అపరిచితులు కారు. 1947లో వెలసిన ‘చందమామ’ ఒడిస్సీని ‘రూపధరుడి యాత్రలు’గాను, హెలెన్ కథను ‘భువనసుందరి’గాను ధారావాహికముగా ప్రకటించినది. అందే దాసరి సుబ్రహ్మణ్యంగారు ‘తోకచుక్క’ మొదలు అనేక జానపద ధారావాహికలు వ్రాసి, మరుసటి నెలకై పాఠకులను నిరీక్షింపజేసినారు. చందమామ గ్రీకుకథకు తెలుగు పలుకుబడి నిచ్చినది. రయర్డన్ దానికి నేటికాలము నిచ్చినాడు. రోషనీ చోక్షీ అను రచయిత్రి 2018లో ‘ఆరూ షా’ నవలామాల నారంభించి, పాండవుల ఆత్మలను నేటి పిల్లలయందు నిలిపినది. ఆ కథకు పుట్టినిల్లు మాత్రము అమెరికాలోని అట్లాంటా నగరము.

పాండవులు నడచినదని మనము చెప్పుకొను నేలపై అట్టి కథ ఏల పుట్టరాదు? 1937లో స్థాపింపబడి 2015లో మూతపడిన శక్కర్‌నగరు చక్కెర కర్మాగారము, మనిషి కానరాని చెరకుతోటలు, ఇందూరు (నిజామాబాదు) ఖిల్లా, గోదావరిలో మంజీర కలియు కందకుర్తి సంగమము: ఏ మాయాలోకమునకును తీసిపోని రంగస్థలములివి. మన యువరచయితలు నన్నయగారి ఆదిపర్వమును శ్రద్ధగా చదివి, రయర్డన్ శిల్పమును నిస్సంకోచముగా గ్రహించి, బోధను బడిపిల్లను నాయికగా నిలిపి తెలుగున నవల వ్రాయవలెను. అంతవరకు తల్లిదండ్రులారా, పిల్లలను రాకాసిపేటకు తోడ్కొనిపోయి, ఆ పసివాని పుల్ల కథ చెప్పుడు. పెర్సీని చదువు బిడ్డకు భీముడును తెలియవలెను.