మాటల లెక్క, ఒత్తుల బరువు

బెంగుళూరుకు చెందిన ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన 'స్టోరీవీవర్' పిల్లల కథలను అంతర్జాలంలో ఉచితంగా అందిస్తున్నది. ఇంట తెలుగు, బడిలో ఇంగ్లీషు, కన్నడం నేర్చే ఈ ఊరి పిల్లలకు, 2020లో బడులు మూతపడినప్పుడు ఇటువంటివే ఆసరా. ఆ మేలును మేము కాదనము. మా అభ్యంతరమల్లా స్థాయీ విభజన గురించే.

మొదటి స్థాయికి తేలిక మాటలు, 250 మాటల లోపు నిడివి ప్రమాణం. అన్ని భాషలకూ ఇదే కొలత. 'వెళ్ళలేకపోయింది' అన్నది ఈ లెక్కకు ఒకే మాట, ఇంగ్లీషులో నాలుగవుతుంది. ఇంట్లో రోజూ వినే మాటే, కాని కూడబలుక్కునే బిడ్డకు అది ఏడు అక్షరాలు, పైగా ఒక ఒత్తు. అక్కడ బిడ్డ ఆగితే, తెలుగు రాదని తల్లిదండ్రులు నిర్ణయించుకుంటారు!

కన్నడ పిల్లల చదువుపై 2007లో ప్రచురించిన పరిశోధనలో సోనాలి నాగ్, అక్షరాలు పట్టుబడటం మూడు, నాలుగు తరగతుల దాకా సాగుతుందని చూపారు. తెలుగు లిపి నిర్మాణమూ అదే. పెద్దబాలశిక్ష విసుగు పుట్టించే మాట నిజమే అయినా, గుణింతాల తరువాతే ఒత్తులు చెప్పడంలో అర్థముంది.

కథలోని ఒత్తులు లెక్కించడానికి కంప్యూటరుకు క్షణం చాలు. మా విద్యార్థులు మొదటి స్థాయి తెలుగు కథలతో ఆ పని మొదలుపెట్టవచ్చు.