‘వెయిటేజీ ఎంత?’ అని అడిగితే ఏం చెప్పాలి

పెద్ద పిల్లల క్లాసు తీసుకునే టీచర్లకు ఏటా చలి మొదలయ్యేసరికి ఈ ప్రశ్న తప్పదు. పిల్లాణ్ణి దింపడానికొచ్చిన తండ్రి గుమ్మం దగ్గర ఆగి, “జీఏటీకి వెయిటేజీ ఎంతండీ?” అంటారు. ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం కలిపిన రోజుల్లో చదువుకున్నవాళ్ళం కదా, ఏ పరీక్షనైనా ముందు అదే అడుగుతాం. “సున్నా” అంటే ఆయన నిశ్చింతగా వెళ్ళిపోతారు. అది అబద్ధం కాదు. కానీ ఆ జవాబుతో పిల్లలకు నష్టం జరుగుతోందని నా అభిప్రాయం.

విక్టోరియాలో వీసీఈ మూడు, నాలుగు యూనిట్లు ఒక్క సబ్జెక్టులో చదువుతున్నా జనరల్ అచీవ్‌మెంట్ టెస్ట్ రాయాలి. 2022లో దాని రూపం మార్చారు. మొదటి భాగం 2 గంటలు, చదవడం, రాయడం, లెక్కల్లో అవసరమైన స్థాయి ఉందో లేదో చూస్తుంది. రెండోది గంటన్నర, లెక్కలు, సైన్సు, కళలు, సామాజిక విషయాల మీద ఆలోచనను పరీక్షిస్తుంది. ఈ మార్కులు ఏ సబ్జెక్టులోనూ కలవవు, ఏటార్‌లోనూ కలవవు.

మరి ఎందుకు పెడతారు? తనిఖీకి. బడిలో వేసిన మార్కులను అన్ని బడులకూ ఒకే కొలతకు తెచ్చేటప్పుడు ప్రధానంగా తుది పరీక్షనే చూస్తారు, కొన్నిసార్లు జీఏటీనీ కలుపుకుంటారు. తుది పరీక్ష పేపరు దిద్దాక, వచ్చిన మార్కు అంచనాకు బాగా దూరంగా ఉంటే ఆ పేపరు మళ్ళీ దిద్దిస్తారు. ఆ అంచనాలో జీఏటీకీ భాగముంది. ఇంతవరకూ నాకు పేచీ లేదు. దిద్దేవాళ్ళూ మనుషులే, పొరపాటు పట్టుకునే దారి ఉండాల్సిందే.

అసలు చిక్కు మూడో పనిలో ఉంది. పరీక్ష ముందు పిల్ల జబ్బుపడితేనో, ఇంట్లో చావు సంభవిస్తేనో, ఆ మార్కుకు బదులు అంచనా మార్కు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇండియాలో తాతగారో అమ్మమ్మగారో పోయారని పరీక్షల వేళ ఫోను రావడం మన ఇళ్ళలో అరుదేమీ కాదు. అప్పుడు ఆ పిల్ల తరఫున మాట్లాడేవి బడి మార్కులు, మిగతా పరీక్షలు, దాంతోపాటు జూన్‌లో “సున్నాయేగా” అని నిద్రమొహంతో రాసొచ్చిన జీఏటీ.

ఇందులో ఇంకో అన్యాయం ఉంది. జీఏటీ తెలివిని కొలుస్తుందంటారు గానీ, పేపరు నిండా ఇంగ్లీషు పేరాలు, కార్టూన్లు, వ్యంగ్యం, గ్రాఫుల కింద చిన్న అక్షరాలు. ఇక్కడే పుట్టినవాడికీ, రెండేళ్ళ కిందట గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చినవాడికీ అదే పేపరు, అదే గడియారం. ఇంగ్లీషు సబ్జెక్టులో కొత్తగా వచ్చినవాళ్ళకు ఈఏఎల్ అనే వేరే దారి ఉంది, ఇక్కడ లేదు. లెక్కల్లో దిట్టమైన పిల్లవాడు లెక్కల ప్రశ్నలోనూ పేరా దగ్గరే ఆగిపోతాడు. జీఏటీ ఒక్కటే ఆధారం కాదు, నిజమే. కానీ బడి మార్కులు కూడా ఇంకా నిలదొక్కుకోని పిల్లలకే ఆ ఒక్కటీ బరువవుతుంది.

“ప్రత్యేకంగా చదవక్కర్లేదు” అన్న మాటను మనం “పట్టించుకోనక్కర్లేదు” అని తెలుగు చేసేశాం! సిలబస్ లేదు కాబట్టి బట్టీ కొట్టడానికి ఏమీ లేదు, ట్యూషన్‌కు డబ్బు పోయడం దండగ. పాత పేపరు ఒకటి గడియారం ఎదురుగా పెట్టుకుని పూర్తిగా రాస్తే చాలు. అయితే 2022కు ముందువి చూడొద్దనండి, అప్పటి పద్ధతి వేరు.

నా క్లాసులో మే నెలలో రెండు వారాలు తెలుగు పత్రికలోని ఒక కార్టూను, ఒక వర్షపాతం పట్టిక ఇస్తాను. కార్టూను ఎవరిని వెక్కిరిస్తోంది, పట్టిక ఏం చెప్పడం లేదు అని అడిగి, జవాబు పది నిమిషాల్లో తెలుగులో రాయమంటాను. కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడు ముందుంటారు, ఇక్కడ పుట్టినవాళ్ళు వాళ్ళనడిగి రాస్తారు.