తాళం తప్పని దయ్యాలు

పిల్లల సినిమాలో దయ్యం అనగానే తీసేవాళ్లకు ఎక్కువగా రెండే దారులు తోస్తాయి. కోరలు పీకేసి, కళ్లు పెద్దవి చేసి దాన్ని ముద్దులొలికే బొమ్మగా మార్చడం ఒకటి. దాన్ని చూసి కెవ్వుమని పరుగెత్తే హాస్యగాణ్ణి పక్కన నిలబెట్టడం రెండోది. మొదటిదాంట్లో భయం మిగలదు, రెండోదాంట్లో భయపడేవాడి పరువు మిగలదు. సత్యజిత్ రాయ్ 1969లో తీసిన బెంగాలీ చిత్రం ‘గూపీ గాయెన్ బాఘా బాయెన్’ ఈ రెండూ కాదని, దయ్యాన్ని దయ్యంగానే ఉంచి దానికి ఒక లయ కట్టింది. భయాన్ని పలచన చెయ్యనక్కరలేదు, పిల్లవాడు పట్టుకోగలిగిన ఒక క్రమాన్ని దానికి ఇస్తే చాలు అనే నా వాదనకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం దొరకదు.

కథ రాయ్ తాతగారు ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురిది. పాట రాని గూపీని, డోలు రాని బాఘాను ఎవరి ఊళ్లోంచి వాళ్లను వెళ్లగొడితే, ఇద్దరూ అడవిలో వెదురుపొదల మధ్య కలుసుకుంటారు. అక్కడికి ముందు వచ్చేది దయ్యం కాదు, పులి. ఇద్దరూ కొయ్యబారిపోతారు. పులి తన దారిన పోయాక, బతికిపోయామన్న సంబరంలో ఒకడు పాడితే ఇంకొకడు వాయిస్తాడు. ఆ మోతకే దయ్యాలు దిగివస్తాయి. ఈ వరసలోనే దర్శకుడి తెలివంతా ఉంది. ప్రాణం తీసే అసలు భయం ముందే వచ్చి వెళ్లిపోయింది. పైగా మనుషులు ఛీకొట్టిన ఆ సంగీతాన్ని మెచ్చుకున్న మొదటి శ్రోతలు ఈ దయ్యాలే. కథానాయకులను ఆదరించినవాళ్లను ఏ పిల్లవాడూ పూర్తిగా ద్వేషించలేడు.

ఆరు నిమిషాలు దాటిన ఆ నృత్యంలో మాట లేదు, పాట లేదు, అంతా తాళమే. రాజులు, సామాన్యులు, తెల్లదొరలు, బొజ్జలవాళ్లు అని నాలుగు జట్ల దయ్యాలు. వాటికి రాయ్ ఎంచుకున్నవి మన తాళవాద్య కచేరీల్లో వినిపించేవే: రాజులకు మృదంగం, సామాన్యులకు కంజీర, దొరలకు ఘటం, బొజ్జలవాళ్లకు మోర్సింగ్. దొరల నడకను కెమెరా వేగం తగ్గించి తీయడంతో వాళ్లు కీలుబొమ్మల్లా బిగుసుకుని కదులుతారు. ఆట ముదిరి, ఏ జట్టుకు ఆ జట్టు తమలో తామే కొట్టుకు చస్తాయి. చివరికి అవే నాలుగూ అంతస్తులుగా నిలబడి కలిసి ఆడతాయి. కంటికి కనిపించేది శ్మశానమే, చెవికి అందేది మాత్రం లెక్క తప్పని ఆట. తర్వాత ఏ దెబ్బ పడుతుందో చెవి ముందే పసిగడుతుంటే, కన్ను ధైర్యంగా తెరుచుకునే ఉంటుంది.

వర్గాల మీద ఈ వ్యంగ్యం పెద్దవాళ్లకే తప్ప పిల్లలకు ఏమర్థమవుతుందని అడగవచ్చు. దొర ఎవరో తెలియకపోయినా ఆ బిగుసుకుపోయిన నడక తెలుస్తుంది, పిల్లలకు అంత చాలు. లావుగా ఉన్నవాళ్లను నవ్వులాటకు వాడుకోవడం మాత్రం నాకు ఇప్పుడు రుచించదు, దాన్ని సమర్థించను. ఇక చిన్న మనసులకు ఆ చీకటే వద్దనేవారి ఆందోళన నిజమైనది. ఒకే బొమ్మకు పిల్లలందరూ ఒకేలా బెదరరు, పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే. కానీ చీకటి తీసేస్తే ఆ లయకు పనే ఉండదు. మన ‘మాయాబజార్’ 1957లోనే ఈ సంగతిని ఇంకో తోవలో రుజువు చేసింది. ఎస్వీ రంగారావు ఘటోత్కచుడిలో రాక్షసత్వం ఎక్కడా తగ్గలేదు. అయితే సావిత్రి పోషించిన శశిరేఖ రూపంలో పెళ్లిపీటల మీద ఉన్నది అతనేనని మనకు ముందే తెలుసు, పెళ్లికొడుకైన రేలంగి లక్ష్మణకుమారుడికి తెలియదు. శశిరేఖ పాదం అతని పాదాన్ని నలిపేస్తుంటే పిల్లలు పగలబడి నవ్వేది గుట్టు తమ చేతిలో ఉండబట్టే.

రాయ్ ఇంకో అడుగు ముందుకేశాడు. మిణుకుమిణుకుమనే వెలుగుల మధ్య, రాయ్ సొంత గొంతునే యంత్రంతో మార్చి పలికించిన దయ్యాల రాజు, ఇద్దరికీ మూడు వరాలిస్తాడు. కోరిన తిండీ బట్టలూ, కోరిన చోటికి ప్రయాణం, విన్నవాళ్లను ఉన్నచోటే నిలబెట్టేసే సంగీతం. మూడోదాన్ని గమనించాలి. పులి ముందు భయం తమను ఎలా కదలనివ్వలేదో, ఇకమీద గూపీ బాఘాలు తమ పాటతో లోకాన్ని అలా కదలకుండా చేయగలరు. యుద్ధానికి బయల్దేరిన సైన్యాన్ని వాళ్లు ఆపేది ఆ పాటతోనే, ఆకాశం నుంచి మిఠాయి కుండలు దింపే.