దాచువాడును ఉండవలెను

ఈ వారము కొడకండ్లలో మా మనుమరాలును నేనును కూర్చుండి ఎక్సెల్‌లో ఒక ఊహల ఆటను కట్టితిమి. ఆ సంతోషము ఇంకను తీరకుండుటచే, వ్రాయదలచిన తక్కిన విషయములన్నిటిని వచ్చే వారమునకు వాయిదా వేయుచున్నాను. 1 మొదలు 100 వరకు గల సంఖ్యలలో ఒకటి ఒక గడిలో దాగియుండును. పక్క గడిలో మన ఊహను వేయగానే మూడవ గడి ‘ఇంకా పెద్దది’, ‘ఇంకా చిన్నది’, ‘దొరికింది’ అను మాటలలో ఒకదానిని పలుకును. ఇంతటికిని ఒక ‘ఇఫ్’, దాని కడుపులో మరియొక ‘ఇఫ్’ చాలును.

దాచు పనిని యంత్రమునకే అప్పగింపవలెనని నేను పట్టుపట్టి ‘రాండ్‌బిట్వీన్’ వ్రాయించితిని. కాని నేను ఊహ వేసిన ప్రతిసారియు దాగిన సంఖ్య తానే మారిపోవుచుండెను! ఒక గడి మారినంతనే లెక్కలను మరల కట్టుకొనుట స్ప్రెడ్‌షీటునకు పుట్టుకతో వచ్చిన గుణము. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను జంట విసికాల్క్‌ను తెచ్చినప్పుడు లోకము మెచ్చినదియు ఆ గుణమునే. “ఇది మాట మీద నిలవడ్తలేదు తాతా. నేనే దాస్త, నువ్వటు తిరుగు” అని పిల్ల తానే సంఖ్యను వేసి, అక్షరముల రంగును తెలుపు చేసెను. ఇక చూచువానికి అది ఖాళీ గడియే. అయినను గడిపై నొక్కినచో పైపట్టీలో గుట్టు బయటపడును గనుక, మౌసును మాత్రము నా చేతికి ఇయ్యలేదు.

దాగిన సంఖ్యను పట్టు ఉపాయమునకు నేను ఛందస్సునే ఆశ్రయించితిని. నా ఛందఃపక్షపాతము ఈ శీర్షిక చదువరులకు కొత్త గాదు. పోతన బమ్మెరయు, ద్విపదకు పట్టము గట్టిన సోమనాథుని పాలకుర్తియు పొరుగుననే ఉండగా, గణముల ప్రసంగమును దాటిపోవుట నాకు శక్యము కాదు. పింగళుని ఛందశ్శాస్త్రమున ‘నష్టము’ అను ప్రక్రియ కలదు. గురులఘువుల కూర్పులన్నిటిని వరుసగా వ్రాసిన ప్రస్తారములో ఎన్నవ వరుసయో చెప్పినచో, ఆ వరుసను చూడకయే అందలి గురులఘువులను రాబట్టు ఉపాయమది. సంఖ్య సరియైనచో లఘువు వ్రాసి సగము చేయవలెను. బేసియైనచో గురువు వ్రాసి, ఒకటి కలిపి సగము చేయవలెను. ఐదవ వరుసను తీసికొందము. 5 బేసి గనుక గురువు. ఒకటి కలిపి సగము చేయగా 3, అదియు బేసియే, మరల గురువు. మరల అట్లే చేయగా 2, సరి, కావున లఘువు. గురువు, గురువు, లఘువు, అనగా తగణము! గుప్పిట చింతగింజలు పట్టి ‘సరియా, బేసియా’ అని ఆడుకొనిన పిల్లలకు ఇది రుచింపకపోవునా? ఎనిమిది గణములకు మూడు ప్రశ్నలు చాలినట్లే, సగము చేయుచు పోయినచో నూరింటిలో ఏ సంఖ్యయైనను ఏడవ ఊహ దాటకుండ చిక్కును.

ఈ ఉపాయమును పిల్లకు ఎంతో ఉత్సాహముతో బోధించితిని. ఆమె ముఖము చిన్నబోయినది. “ఇగ ఆటేముంది తాతా? అంతా లెక్కేనాయె.” ఊహకంటె ఉపాయమే విద్యయని ఏండ్ల తరబడి వాదించిన నాకు ఆ మాటకు బదులు తోచలేదు.

బదులును ఆమెయే కనుగొనెను. నేను 50తో మొదలిడి, పిమ్మట 25కో 75కో పోవుదునని గ్రహించి ఆ సంఖ్యలను దాచుటయే మానెను. సగము చేయుచు పోవువానికి ఆరు ఊహలలోపల చిక్కునవి 63 సంఖ్యలే. తక్కిన 37 ఏడవదానికి గాని లొంగవు. ఆమె వానిని వెదకి వెదకి నోటుపుస్తకమున వ్రాసికొనుచుండెను. అది కనిపెట్టి నేను 50ని విడిచి మరియొకచోట మొదలిడగా, ఆమె 50నే దాచెను. ఈ పన్నాగము యంత్రమునకు ఎక్కడిది? అది 50ని దాచినను నన్ను తలచి దాచదు.

బడిలో పిల్లకొక కంప్యూటరు ఉండవలెనని ఇదే శీర్షికలో పలుమార్లు వ్రాసితిని. ఈ ఆటను నేర్పునాడు మాత్రము ఉపాధ్యాయులు ఇద్దరికొకటే ఇచ్చుట మేలు. ‘రాండ్‌బిట్వీన్’ సంగతి తరువాత చెప్పవచ్చును.