నరం అనే మాట

సోమవారం పొద్దున పాలకు దిగుతుంటే మా చాల్ మెట్ల గోడకు కొత్త కాగితం కనిపించింది. గ్రాంట్ రోడ్ స్టేషన్ చుట్టుపక్కల, లోకల్ బండ్లలో, ఫోరస్ రోడ్ మూత్రశాలల గోడల మీద ఇలాంటివి హిందీలో, ఉర్దూలో, మరాఠీలో చూసి చూసి కంటికి అలవాటైపోయింది. ఇది తెలుగులో ఉంది. ‘నరాల బలహీనతా? పెళ్ళికి ముందే రండి.’ కింద ఫోన్ నంబరు. ఈ గల్లీల్లో ఎవరుంటారో, వాళ్ళ పిల్లలు దేనికి భయపడతారో బాగా ఎరిగినవాడు రాయించిన మాట అది. పాలగిన్నె మెట్టు మీద పెట్టి, ఇంట్లోంచి చాకు తెచ్చి గీకేశాను.

గురువారం రాత్రి, అలాంటి కాగితం చూసి మోసపోయిన పిల్లవాడు నా గడప ఎక్కాడు. ఏడో గల్లీ వాడు, ఇరవయ్యారేళ్ళు, కొరియర్ పని. తాత సిరిసిల్ల వైపు పద్మశాలి, మిల్లులో పని వెతుక్కుంటూ బొంబాయి వచ్చినవాడు. మాఘంలో లగ్గం పెట్టుకున్నారు. పిల్లవాడు మంచినీళ్ళు తాగాడు, ఫ్యాను వంక చూశాడు, మళ్ళీ నీళ్ళడిగాడు. చివరికి అన్నాడు: “పెద్దమ్మా, లగ్గం ఆపాలె. నాకు నరాల బలహీనత ఉన్నదట.”

ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకు ఆ మాటతో నాకున్న గొడవ తెలుసు. దవాఖానలో నర్సుగా పనిచేసిన ముప్ఫై ఏళ్ళూ దానితో పోట్లాడాను, రిటైరయ్యాక ఇక్కడ పోట్లాడుతున్నాను. తెలుగులో రక్తం పారేదీ నరమే, మెదడు కబురు మోసేదీ నరమే. సూది వేసేటప్పుడు నరం దొరకలేదంటాం. మెడ తిరగకపోతే నరం పట్టేసిందంటాం. ఈ రెంటినీ కలిపేసిన ఒక్క మాట మీద ఎన్ని నూనెలు, ఎన్ని నల్లగుళికలు అమ్ముడుపోయాయో! లైంగిక శక్తి పెంచుతామని మందులకు ప్రకటన ఇవ్వడమే నేరమని 1954లోనే చట్టం వచ్చింది. అది వచ్చి డెబ్బై ఏళ్ళు దాటింది. గోడలు అలాగే ఉన్నాయి.

పిల్లవాడి కథ ఇది. నెల కింద దోస్తులు ‘లగ్గానికి ముందు ఒకసారి చూసుకో’ అని సెక్స్ వర్కర్లు ఉండే ఫోరస్ రోడ్‌కు తీసుకుపోయారు. సర్కారు దానికి ఆర్.ఎస్. నిమ్కర్ మార్గ్ అని పేరు పెట్టింది గానీ మేమెవరమూ అలా పిలవం. బయట దోస్తులు నిలబడి ఉన్నారు, లోపల అతనికి ఏమీ కాలేదు. మర్నాడే కాగితం మీది నంబరుకు ఫోన్ చేశాడు. పదకొండు వేలు తీసుకుని నూనె సీసా, నలభై రోజుల గుళికలు ఇచ్చారు. ‘చిన్నప్పుడు చేతితో చేసుకున్నావు కదా, ధాతువు పోయి నరం చచ్చింది’ అని చెప్పారట.

ధాతువు పోయిందన్న ఈ భయానికి వైద్యంలో పేరుంది. 1960లో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ దానికి ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. నలభై రక్తపు బొట్లు కలిస్తే ఒక వీర్యపు బొట్టు అవుతుందని మన ముసలివాళ్ళు చెప్పేదాంట్లో నిజం లేదు. అది నిలవ పెట్టుకునే ధనం కాదు. ఒంట్లో రోజూ తయారవుతూనే ఉంటుంది.

మరి ఆ రాత్రి అతనికి ఏం జరిగింది? అంగం గట్టిపడటానికి కండ బలం అక్కర్లేదు, సడలింపు కావాలి. వినడానికి తిరకాసుగా ఉన్నా నిజమిదే. మనసు కుదుటపడినప్పుడు వెన్ను అడుగు భాగం నుంచి వచ్చే నరాలు అంగంలో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తాయి. దాంతో అక్కడి రక్తనాళాల గోడలు వదులవుతాయి, రక్తం నిండుతుంది, నిండిన రక్తం వెనక్కి పోకుండా నిలుస్తుంది. ఒంట్లో ఆ వాయువు చేసే పని కనిపెట్టిన ముగ్గురికి 1998లో నోబెల్ ఇచ్చారు. ఆ ఏడే అమెరికాలో అంగం గట్టిపడటానికి వాడే నీలం మాత్ర బజారుకు వచ్చింది. భయం దీన్నంతా తిరగేస్తుంది. కుక్క తరిమితే పరుగెత్తించే నరాలు వేరే ఉన్నాయి. అవి లేచాయంటే రక్తాన్ని కాళ్ళకూ చేతులకూ తోలేస్తాయి. తలుపవతల దోస్తులు, ఎప్పుడూ ఎరగని మనిషి, జేబులో లెక్కపెట్టిన డబ్బు: ఇన్ని ఉన్న గదిలో ఏ ఒళ్ళు సడలుతుంది?

ఫోరస్ రోడ్‌లో నాకు ఒక అక్క ఉండేది. ఎయిడ్స్ ప్రచారం రోజుల్లో నిరోధ్ పెట్టెలు మోసుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నప్పుడు పరిచయం. తెలుగే మాట్లాడేది, ఊరు మాత్రం ఎన్నడూ చెప్పలేదు. ఒకసారి చాయ్ తాగుతూ అంది: “కొత్త పిలగాండ్లల్ల చానామందికి ఏం గాదు చెల్లే. కూసుంటరు, పైసలిచ్చి పోతరు. బయటికి వోయి దోస్తులకు వేరే చెప్తరు. నేను ఎవలకూ చెప్ప.” ఆ అక్కకు తెలిసిన నిజం పెళ్ళికాని ప్రతి మగపిల్లాడికీ తెలిస్తే ఆ మందుల దుకాణాలు సగం మూతపడేవి.

ఇంకో సంగతి చెప్పాలి. మనిషి ఒళ్ళు సంభోగంలో ఏం చేస్తుందో పెద్ద ఎత్తున పనిముట్లు పెట్టి కొలిచినవాడు అమెరికాలో సెయింట్ లూయిస్ నగరపు డాక్టరు విలియం మాస్టర్స్. 1954లో మొదలుపెట్టినప్పుడు ఆయనకు దొరికింది ఆ అక్క చేసే వృత్తిలో ఉన్న స్త్రీలే. ఏం అడగాలో, ఏం చూడాలో వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాడు. తర్వాత వర్జీనియా జాన్సన్ తోడై వందలమంది మామూలు స్త్రీపురుషుల మీద పరిశోధన సాగింది, 1966లో పుస్తకం వచ్చింది. ఉద్రేకం మొదలవడం, నిలవడం, తారస్థాయి, చల్లారడం అని నాలుగు మెట్లుగా వాళ్ళు చెప్పినది ఇవాళ్టికీ వైద్య విద్యార్థుల పాఠాల్లో ఉంది. ఆ పాఠం తొలి గురువుల పేర్లు ఎక్కడా రాసి లేవు. అందుకే ఫోరస్ రోడ్ ఆడవాళ్ళను రోగాల పుట్టలుగా మాత్రమే చూసే మనుషుల దగ్గర నేను కూర్చోలేను.

ఇక శీఘ్రస్ఖలనం. దీని గురించి ఎన్నో ఉత్తరాలు వస్తాయి. గడియారం చూసుకుని దిగులుపడేవాళ్ళకు ఒక లెక్క: 2005లో అచ్చయిన అధ్యయనంలో ఐదు దేశాల జంటల చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చి కొలిస్తే నడిమి లెక్క ఐదున్నర నిమిషాలు కూడా తేలలేదు. సినిమాలు చూసి గంటలు అనుకునే పిల్లలకు ఇది తెలియాలి. కానీ ఈ తొందర ఎక్కడ పుడుతుందో నాకు పుస్తకాల కంటే ముందు మా ఖోలీ నేర్పింది.

మా ఆయనను అడిగే ఇది రాస్తున్నాను. 1979లో కరీంనగర్ వైపు నుంచి పెళ్ళికూతురిగా ఈ చాల్‌కు వచ్చాను. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఖోలీ, అందులో తొమ్మిదిమందిమి. ఒక మూల మోరీ, పైన సామాన్ల మాళా. మామ రెండో పాళీ, పెద్ద బావ రాత్రి పాళీ, మా ఆయన మొదటి పాళీ. ఒకరు లేచిన చాప మీద ఇంకొకరు పడుకునేవాళ్ళు. కొత్త దంపతులకు అడ్డంగా ఒక చీర కట్టి ఇచ్చారు. చీరకు అవతల అత్త దగ్గు, ఆడబిడ్డల గుసగుసలు. గాజులు చప్పుడు కాకుండా చేతి రుమాలు చుట్టుకునేదాన్ని. ఆ గదిలో ఏ మగవాడైనా త్వరగా ముగించడమే నేర్చుకుంటాడు. రోజూ అదే నేర్చుకున్న ఒళ్ళు, పదేళ్ళ తర్వాత తలుపున్న గది దొరికినా అదే చేస్తుంది. అది రోగమే కానక్కర్లేదు, అలవాటు కావచ్చు. అలవాటును మళ్ళీ అలవాటుతోనే మార్చవచ్చని 1956లో సీమన్స్ అనే డాక్టరు చూపించాడు: అంచుకు వచ్చేముందు ఆగడం, తగ్గనివ్వడం, మళ్ళీ మొదలుపెట్టడం. రూపాయి ఖర్చు లేదు. ఆలుమగలిద్దరూ ఓపిక పట్టాలి, తలుపుకు గడియ ఉండాలి.

ఆ చీర చాటున నా ఒంటికి ఏమయిందని ఎవరూ అడగలేదు. అడగాలని నాకూ తెలియదు. నొప్పి అంటే ఆడదాని వంతు అనుకున్నాను. ఆడవాళ్ళకు లోపల తడి ఊరడం కూడా రక్తం చేసే పనేనని, యోనిగోడల నాళాలు నిండితే ఆ తడి గోడల్లోంచే చెమర్చుతుందని, దానికి వ్యవధి కావాలని నర్సు చదువులో కూడా నాకెవరూ చెప్పలేదు. భయపడితే కింది కండరాలు వాటంతటవే బిగుసుకుంటాయి. పాలిచ్చే రోజుల్లోనూ ముట్లుడిగాకా హార్మోన్లు తగ్గి పొడిబారుతుంది. కోరిక ముందు పుట్టి తర్వాత స్పర్శ రావాలన్న నియమం లేదనీ, చాలామంది స్త్రీలలో దగ్గరితనం ముందు, కోరిక వెనుక అనీ కెనడా డాక్టరు రోజ్‌మేరీ బాసన్ 2000లో రాసింది. అది చదివిన రోజు రాత్రి మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అప్పుడే చెప్పకపోతివి” అన్నాడు. అప్పుడు నాకు మాట లేదు.

ఇంటి సంగతులు పత్రికలో రాస్తావా అని అడిగేవాళ్ళు ఉన్నారు. ఇదే బొంబాయిలో ఆర్.డి. కర్వే 1921లో సంతాన నియంత్రణ కేంద్రం తెరిచాడు. 1927 నుంచి చనిపోయిన 1953 దాకా ‘సమాజ్ స్వాస్థ్య’ పత్రిక నడిపాడు. పాఠకుల లైంగిక సందేహాలకు జవాబులు అచ్చువేసినందుకే అతని మీద కేసు పెట్టారు. 1934లో ఆ కేసు వాదించిన వకీలు డాక్టర్ అంబేద్కర్. కేసు ఓడిపోయారు, పత్రిక ఆగలేదు. తెలుగులో విజయవాడ డాక్టర్ సమరం గారి జవాబులను మన ఇళ్ళల్లో దాచుకుని చదివిన తరం నాది. దాచుకోకుండా చదివే తరం రావాలని నా ఆశ.

ఇప్పుడు చెప్పవలసింది చెబుతాను. ఇన్నేళ్ళూ చెప్పకుండా తప్పించుకున్నది.

మా కింది ఖోలీలో ఒక అన్న ఉండేవాడు. 1982 మిల్లు సమ్మెలో పని పోయి కుట్టుమిషను పెట్టుకున్నాడు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో ఒకరోజు మెట్ల మీద ఆపి, గోడ వంక చూస్తూ అన్నాడు: “చెల్లె, నరాల బలహీనత అయింది.” నాకు నా పాత పోట్లాట గుర్తొచ్చింది. “అన్నా, అసలు అట్లాంటి రోగమే లేదు. గోడ కాగితాలు నమ్మకు, ధైర్యంగా ఉండు” అని చెప్పి పైకి వెళ్ళిపోయాను. ఒక అంధవిశ్వాసాన్ని తరిమానని తృప్తిపడ్డాను కూడా. అతను మళ్ళీ అడగలేదు. రెండేళ్ళకు గుండెపోటు వచ్చి పోయాడు. దవాఖానలో చూస్తే ఒంట్లో షుగరు విపరీతంగా ఉంది. ఎన్నేళ్ళ నుంచి ఉందో ఎవరికీ తెలియదు.

అంగానికి రక్తం తెచ్చే నాళాలు ఒకటి రెండు మిల్లీమీటర్ల లావు, గుండెవి మూడు నాలుగు. పూడిక మొదలైతే సన్నవాటిలోనే ముందు తెలుస్తుంది. అందుకే నడివయసులో అంగం గట్టిపడకపోవడం చాలామందిలో గుండెజబ్బు కంటే కొన్నేళ్ళు ముందు వచ్చే కబురు. షుగరు నాళాలనూ పాడు చేస్తుంది, కబురు మోసే నరాలనూ పాడు చేస్తుంది. రెండూ. అన్న చెప్పిన మాటలో ఆ రెండూ ఉన్నాయి. నేను తప్పని కొట్టిపారేసిన మాట అతని విషయంలో అక్షరాలా నిజం. అతన్ని కూర్చోబెట్టి, ఎప్పటినుంచి అన్నా, దాహం ఎక్కువవుతోందా, పొద్దున లేచేసరికి ఎలా ఉంటోంది అని మూడు ప్రశ్నలు వేసి ఉంటే చాలు. గోడ కాగితం వాడు డబ్బు దోచుకుంటాడు, కానీ అరగంట కూర్చోబెట్టి వింటాడు. నేను అదీ చేయలేదు.

అందుకే గురువారం రాత్రి ‘అట్లాంటి రోగం లేదు బిడ్డా’ అనబోయి ఆగాను. ఆ మాటతో ఇక నాకు పోట్లాట లేదు. ఇంకే మాటా లేని మగవాడు తెలుగులో డాక్టరు గడప తొక్కేది ఆ మాట పట్టుకునే. డాక్టర్లూ నర్సులూ దాన్ని దిద్దకుండా ముందు విప్పి అడగాలి.

“పొద్దున నిద్ర లేచేటప్పుడు ఎట్లుంటది బిడ్డా?” అని అడిగాను.

“మంచిగనే ఉంటది పెద్దమ్మా.”

నిద్రలో ప్రతి రాత్రీ మూడు నాలుగు సార్లు అలా అవుతుంది, నాళాలూ నరాలూ బాగున్నాయనడానికి అదే గుర్తు అని చెప్పాను. అయినా శుక్రవారం షుగరు, బీపీ చూపించాను. రెండూ బాగున్నాయి. నూనె సీసా మోరీలో ఒంపేశాడు.

నలభై దాటినవాళ్ళు మూడు నెలలుగా ఈ ఇబ్బంది పడుతుంటే దగ్గర్లోని సర్కారు దవాఖానకు పోయి షుగరు, బీపీ, కొవ్వు పరీక్షలు చేయించుకోండి. సిగ్గయితే నరాల బలహీనత అనే చెప్పండి. గుండెనొప్పికి నాలుక కింద మాత్ర వాడేవాళ్ళు నీలం మాత్ర జోలికి పోవద్దు, రెండూ కలిస్తే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. నొప్పి ఉన్న ఆడవాళ్ళు ఓర్చుకోవద్దు, అడగండి.

పిల్లవాడి లగ్గం మాఘంలోనే. వాళ్ళ ఖోలీలో ఆరుగురు. మొదటి నెల రాత్రిళ్ళు ఆ తలుపు వాళ్ళిద్దరికీ వదిలి, మిగతావాళ్ళు మా ఇంట్లో పడుకోండని వాళ్ళమ్మకు చెప్పాను. ఒప్పుకుంది.