ఊడిపోయిన ‘ట’

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచిన రాత్రి మా మేనమామ పామిడిముక్కలలోనే ఉన్నాడు. కప్పు లేచిపోయిన చావిట్లో గేదెల పలుపులు పట్టుకుని తెల్లారేదాకా నిలబడ్డాడు. ఆ మాటలో నాకు అనుమానం లేదు. నా చిన్నప్పుడు ఆయన, ‘అవనిగడ్డ అవతల నీళ్ళు తాటిచెట్టంత ఎత్తున వచ్చాయిట’ అనేవాడు. నేను కాలేజీలో చేరేనాటికి అది ‘వచ్చాయి’ అయింది. ఇప్పుడు మనవళ్ళకి చెప్పేటప్పుడు ఆ నీళ్ళలో ఆయన కూడా ఉంటున్నాడు. అబద్ధాలకోరు అనలేను. ఇన్నేళ్ళలో ఆయన పారేసుకున్నది ఒక్క అక్షరం.

చూసిందేదో విన్నదేదో చెప్పడానికి మనకి ఆ ‘ట’ చాలు. మా అమ్మమ్మ ఎదురింటి కోడలు నీళ్ళోసుకున్న సంగతి కూడా ‘ట’ లేకుండా చెప్పేది కాదు. కోర్టులో సాక్షులకి అంత నిష్ఠ ఉంటుందా అని నా సందేహం.

నవలలో ‘నేను’ అంటూ కథ మొదలైతే నేను ముందు వెతికేది ఈ అక్షరాన్నే. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు బారిష్టరు చదవడానికి సీమకు బయలుదేరి, దారిలో మద్రాసులో ఓ టోపీ కొంటాడు. దాని హంగులు చూసి మురిసిపోతాడు. చూసినవాళ్ళు నవ్వేదాకా అది ఆడవాళ్ళ టోపీ అని అతనికి తెలియదు. మనకీ తెలియదు. ఇక్కడే ఉంది గడుసుదనం. టోపీ కొన్న పార్వతీశం వేరు, ఆ సంగతి మనకి చెబుతున్న పార్వతీశం వేరు. చెప్పేవాడికి అది ఎవరి టోపీయో ఎప్పుడో తెలిసిపోయింది. అయినా బేరం జరుగుతున్నంతసేపూ కుక్కిన పేనులా ఊరుకుంటాడు. ‘తర్వాత తెలిసింది’ అని ఒక్క ముక్క ముందే అనేస్తే నవ్వు చచ్చిపోతుంది మరి.

అంత దాచినవాణ్ణి మనం అమాయకుడంటాం! గొప్పలు చెప్పుకునేవాడి మాటకైతే, తేమ ధాన్యానికి తీసినట్టు, వెంటనే తరుగు తీస్తాం. తన్ను తాను వెక్కిరించుకునేవాడి బస్తా మాత్రం కాటా కూడా వెయ్యకుండా దింపుకుంటాం. తర్వాత చాలా ఏళ్ళకి వచ్చిన రెండు, మూడు భాగాల్లో పార్వతీశానికి లోకం తెలుస్తుంది. చెప్పేవాడికీ చెప్పబడేవాడికీ మధ్య దూరం తగ్గిపోతుంది. ఆ భాగాలు చెడ్డవి కావు గానీ, నేను మళ్ళీ మళ్ళీ తీసేది మొదటిదే.

అదే దశాబ్దంలో చలం ‘మైదానం’ రాశాడు. అందులో ‘నేను’ రాజేశ్వరి. ఆమె ఏదీ దాచినట్టు కనిపించదు, ప్రతిదానికీ కారణం చెబుతుంది, మనం అడగబోయే ప్రశ్నకి ముందే జవాబిస్తుంది. నేను అక్కడే చెవులు రిక్కిస్తాను. అంత సంతోషంగా ఉన్నానని చెప్పుకునే మనిషి ఇంత వాదించాలా? చిత్రమేమిటంటే, వాదించేది ప్లీడరు భార్య. బారిష్టరుగారు మాత్రం ఒక్క ముక్కా వాదించకుండా కేసు గెలిచేశాడు.

ఇంతా చెప్పి నా సంగతి దాస్తే బాగుండదు. రెండు వారాల కిందట ఈ శీర్షికలోనే కాలవ మీది వీరంకి లాకు గురించి రాశాను. తలుపులు తెరిచేదాకా పడవలో కూర్చుని చెప్పుకున్న కబుర్లు, చుట్టల వాసన, చీకట్లో నీళ్ళ హోరు. బాగుందని ఇద్దరు ముగ్గురు అన్నారు కూడా. అమ్మ కళ్ళజోడు సవరించుకుంటూ చదివి, ‘ఏరా, ఆ పడవెక్కింది మీ తాతగారు కదా, నువ్వెప్పుడెక్కావు?’ అంది.

పేపరు తీసి చూసుకున్నాను. మొదటి వాక్యం నుంచి ఆఖరుదాకా ఒక్క ‘ట’ లేదు.

మామయ్యకి మాత్రం అది చాలా నచ్చిందిట.